గనుల గాలిలో రేడాన్: తెలిసిన ప్రమాదం, ఆలస్యమైన రక్షణ

లక్ష్యం
ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు, గనికార్మికుల ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రేడాన్ కారణమని ఎట్లా తేలిందో, ఆ జ్ఞానం కార్మికులకు వెంటనే ఎందుకు అందలేదో వివరించగలుగుతారు.

1. పర్వత వ్యాధి
జర్మనీ, చెక్ దేశాల సరిహద్దులోని ఎర్జ్‌గెబిర్గె కొండల్లో ష్నీబెర్గ్, యాఖిమోవ్ అనే పాత గనుల పట్టణాలున్నాయి. అక్కడి కార్మికులు దగ్గు, ఆయాసాలతో చిన్న వయసులోనే మరణించేవారు. స్థానికులు దానిని 'పర్వత వ్యాధి' అన్నారు. యాఖిమోవ్‌లో వైద్యుడిగా పనిచేసిన అగ్రికోలా గనుల దుమ్ము ఊపిరితిత్తులను తినివేస్తుందని రాశాడు. కార్పేథియన్ గనుల ప్రాంతంలో ఈ వ్యాధివల్ల ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు కూడా ఉన్నారని, 1556లో వెలువడిన ఆయన గ్రంథం చెబుతుంది.

1879లో హార్టింగ్, హెస్సే అనే వైద్యులు ష్నీబెర్గ్ కార్మికుల శవాలను పరీక్షించి, ఇది ఊపిరితిత్తుల్లో పుట్టే ప్రాణాంతకమైన కణితి అని ప్రకటించారు. అయితే కారణం తేలలేదు. దుమ్మును, ఆర్సెనిక్‌ను అనుమానించారు.

2. కారణాన్వేషణ
1898లో క్యూరీ దంపతులు యాఖిమోవ్ ఖనిజం నుంచే రేడియంను కనుగొన్నారు. తరువాత ఆ గనుల గాలిలోనే రేడియోధార్మికత అధికంగా ఉందని కొలతలు చూపాయి. 1930ల నాటికి ఆ ప్రాంతంలో దీనిని వృత్తివ్యాధిగా గుర్తించారు.

యురేనియం క్షీణించే క్రమంలో రేడియం, దాని నుంచి రేడాన్ వాయువు పుడతాయి. రేడాన్‌కు రంగు, వాసన లేవు. అర్ధజీవిత కాలం 3.8 రోజులు. పీల్చిన రేడాన్‌లో చాలా భాగం ఊపిరితో తిరిగి బయటికి పోతుంది. అసలు హాని దాని నుంచి పుట్టే పొలోనియం వంటి కణాలది. అవి దుమ్మును అంటుకొని శ్వాసనాళాల్లో నిలిచి, ఆల్ఫా కిరణాలతో కణజాలాన్ని దెబ్బతీస్తాయి. 1951లో బేల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని స్పష్టం చేశాడు.

3. జ్ఞానం, అధికారం
అప్పటికే అణ్వాయుధాల పోటీ మొదలయింది. అమెరికాలోని కొలరాడో పీఠభూమిలో వందల గనులు తెరిచారు. వాటిలో నవాహో ఆదివాసులు కూడా పనిచేశారు. 1950లో ప్రజారోగ్య శాఖ అధ్యయనం ప్రారంభించింది. గాలి బాగా ఆడేట్లు చేస్తే ప్రమాదం తగ్గుతుందని దాని నిపుణులకు తెలుసు. కాని గనుల్లోకి అనుమతి దొరకడం కోసం, కార్మికులకు ప్రమాదం గురించి చెప్పకుండానే పరీక్షలు చేశారు. యురేనియం కొనుగోలుదారైన అణుశక్తి కమిషన్, గనుల భద్రత తన పరిధిలోనిది కాదన్నది. 1967లో కార్మిక మంత్రి విల్లార్డ్ విర్ట్జ్ సమాఖ్య పరిమితిని ప్రకటించాడు. నష్టపరిహార చట్టం 1990లో వచ్చింది.

పొగతాగడమే కారణమనే వాదన కూడా ఉండేది. నవాహోలు పొగ తాగడం తక్కువ. అయినా వారి గనికార్మికుల్లో క్యాన్సర్ పెరగడంతో ఆ వాదన నిలబడలేదు. అయితే పొగాకు, రేడాన్ రెండూ కలిస్తే ముప్పు మరింత పెరుగుతుంది.

తూర్పు జర్మనీలోని విస్ముట్ గనుల ఉదంతం మరింత ఆలోచింపజేస్తుంది. పర్వత వ్యాధి పుట్టిన ఆ కొండల్లోనే, 1946 తరువాత తొలి సంవత్సరాల్లో సరైన గాలి ప్రసరణ లేకుండా, పొడి డ్రిల్లింగుతో సోవియట్ అవసరాలకు యురేనియం తవ్వించారు. వ్యవస్థలు వేరైనా, రెండు చోట్లా ఉత్పత్తికే ప్రాధాన్యం దక్కింది.

4. ముగింపు
వ్యాధిని గుర్తించిన 1879కి, అమెరికా పరిమితికి మధ్య 88 ఏళ్లు గడిచాయి. ఆ ఆలస్యాన్ని శాస్త్రం తెలియకపోవడం ఒక్కటే వివరించలేదు. మన కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ భూగర్భ యురేనియం గని ఉంది. గాలి ప్రసరణ, క్రమమైన కొలతలు, ఆ కొలతలు తెలుసుకునే హక్కు: ఈ మూడూ ఏ గనికార్మికుడికైనా అవసరమని ఈ చరిత్ర చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. రేడాన్ కంటే దాని నుంచి పుట్టే కణాలు ఎందుకు ఎక్కువ హానికరం?
2. కొలరాడో, విస్ముట్ ఉదంతాలను పోల్చండి.