పసిఫిక్ వేడి, ధ్రువపు సుడి

1952 మొదట్లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్‌హాగ్ ఎగరేయించిన బెలూన్ల నుంచి నమ్మశక్యం కాని అంకెలు వచ్చాయి. నడి శీతాకాలంలో, ఎక్కడో పైన స్ట్రాటో ఆవరణంలో, కొద్ది రోజుల్లోనే గాలి పదుల డిగ్రీలు వేడెక్కింది. పొద్దు సరిగా పొడవని కాలంలో అంత వేడి ఎక్కడిది? కారణం తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ కథలో ఒక పాయ మాత్రం మన దగ్గరే మొదలైంది. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చిపెట్టాక, వానలు ఎప్పుడు ఎగ్గొడతాయో ముందే చెప్పాలన్న ఒత్తిడి వాతావరణ శాఖ మీద పడింది. 1904లో ఆ శాఖ పగ్గాలు అందుకున్న గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జి గణితవేత్త. వాతావరణం ఆయన చదువుకున్న విద్య కాదు. గుమాస్తాల చేత కుప్పలుగా లెక్కలు కట్టించి, పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని పసిగట్టాడు. ఆ ఊగిసలాటకు 1920లలో సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. దానికీ, పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్‌నినోకూ ముడి వేసింది 1960లలో జాకబ్ బ్యెర్క్‌నెస్.

ఇక పై అంతస్తు. శీతాకాలంలో ధ్రువం చుట్టూ పడమటి గాలులు పెద్ద సుడిగా తిరుగుతాయి. కింద కొండలు, సముద్రాలు పుట్టించే అలల్లో మరీ పొడవైనవే అక్కడిదాకా ఎక్కగలవని 1961లో చార్నీ, డ్రాజిన్ చూపారు. ఎక్కిన అల పైన విరిగితే సుడి మందగిస్తుంది. ధ్రువం మీది గాలి కిందికి దిగుతూ నొక్కుకుపోయి, సైకిల్ పంపులో గాలిలా వేడెక్కుతుంది. ఆ గుట్టు విప్పింది 1971లో జపాన్‌కు చెందిన తారో మత్సునో.

ఎల్‌నినో వచ్చిన చలికాలంలో అల్యూషియన్ దీవుల దగ్గరి అల్పపీడనం బలపడి ఈ అలలకు ఊతమిస్తుంది. చెప్పడం తేలికే, రుజువుకే తంటా. 1987లో వాన్ లూన్, లాబిట్జ్‌కే లెక్క చూస్తే ఎల్‌నినో చలికాలాల్లో ధ్రువం మీది స్ట్రాటో ఆవరణం వెచ్చగానే ఉంది. అయితే అగుంగ్, ఎల్ చిచోన్ అగ్నిపర్వతాలు పేలాక వచ్చిన 1963-64, 1982-83 చలికాలాలు ఎదురు తిరిగాయి. భూమధ్యరేఖ మీద సుమారు 28 నెలల చక్రంలో దిశ మార్చే గాలులు కూడా సుడిని కదిలిస్తాయని హోల్టన్, టాన్ 1980లోనే చెప్పి ఉన్నారు. ముప్ఫై ఏళ్ల రికార్డులో ఎవరి పని ఎంతో విడదీసేదెలా?

స్టెఫాన్ బ్రొన్నిమాన్ బృందం వెనక్కి నడిచింది. యుద్ధకాలపు పాత కొలతల దుమ్ము దులిపి, 1940-42 నాటి ఎల్‌నినో, ఐరోపాను కొరికిన చలి, అసాధారణంగా పెరిగిన ఓజోన్, బలహీనపడిన సుడి ఒకే గొలుసులోవని 2004లో చూపింది. మాస్కో ముంగిట గడ్డకట్టిన జర్మన్ సైనికులకు పసిఫిక్ ఊసే తట్టి ఉండదు.

కథ ఇంత చక్కగా కుదిరిందనుకునేలోగా 2011లో బట్లర్, పోల్వానీ అడ్డుపుల్ల వేశారు. స్ట్రాటో ఆవరణంలోని ఈ హఠాత్ వేడి, పసిఫిక్ చల్లబడే లానినా చలికాలాల్లోనూ దాదాపు అంతే తరచుగా వస్తోందని, రెండూ లేని ఏళ్లలోనే తక్కువని లెక్క తీశారు. 2018 ఫిబ్రవరిలో పసిఫిక్‌లో ఉన్నది లానినాయే. సుడి రెండుగా చీలింది. నెలాఖరుకు సైబీరియా గాలి బ్రిటన్‌ను మంచుతో కప్పేసింది.