తడియుటలో దాగిన ప్రావస్థా మార్పు

తామరాకుపై పడిన నీరు ముత్యమువలె నిలుచును. శుభ్రమైన గాజుపలకపై అదే నీరు పలుచని పొరయై ప్రాకును. ఈ భేదమునకు మొదట సూత్రము చెప్పినవాడు ఆంగ్ల వైద్యుడును, భౌతికశాస్త్రజ్ఞుడును అగు థామస్ యంగ్.

ద్రవబిందువు అంచున ఘనము, ద్రవము, వాయువు మూడును కలియును. వాటి నడుమగల మూడు తలతన్యతలు అచట తులతూగునని యంగ్ 1805లో ప్రకటించిన వ్యాసమున చూపెను. ఘన–వాయు తలతన్యతనుండి ఘన–ద్రవ తలతన్యతను తీసివేసి, శేషమును ద్రవపు తలతన్యతచే భాగించినచో, బిందువు అంచు పలకతో చేయు కోణముయొక్క కొసైన్ లభించును. ఈ కోణమునే స్పర్శకోణమందురు. యంగ్ దీనిని సమీకరణముగా వ్రాయలేదు, మాటలలోనే చెప్పెను.

స్పర్శకోణము సున్న అయినచో ద్రవము పలకనంతయు కప్పును. ఇది సంపూర్ణముగా తడియుట. కోణము సున్నకు మించినచో ద్రవము బిందువుగా నిలుచును. ఇది పాక్షికముగా తడియుట. ఉష్ణోగ్రతను మార్చినచో ఒక స్థితి రెండవదిగా మారునా? మారినచో ఎట్లు మారును? నూట డెబ్బది సంవత్సరములవరకు ఈ ప్రశ్నకు తగిన ప్రాధాన్యము రాలేదు. స్పర్శకోణమును ఆయా పదార్థముల గుణముగా కొలిచి పట్టికలలో చేర్చుటయే పరిపాటిగా నుండెను.

ఈలోగా హాలండులో వాన్ డెర్ వాల్స్ మరియొక దారి తెరచెను. ద్రవమును మూసిన పాత్రలో వేడిచేసినకొద్దీ దానికిని, దాని ఆవిరికిని గల సాంద్రతా భేదము తగ్గుచు, సందిగ్ధ ఉష్ణోగ్రతవద్ద మాయమగును. ద్రవపు తలతన్యతయు అచట సున్న యగును. అది ఎట్లు తగ్గునో ఆయన 1893లో లెక్కించెను.

ఈ రెండు విషయములను జోడించినవాడు అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ కాన్. ఆయన 1977లో చేసిన వాదమును విద్యార్థులును అనుసరింపగలరు. యంగ్ సూత్రమున లవము, హారము రెండును సందిగ్ధ ఉష్ణోగ్రతవద్ద సున్న యగును. కాని హారము త్వరగా తగ్గును. లవము సాంద్రతా భేదమును అనుసరించునని కాన్ తలచెను. వాన్ డెర్ వాల్స్ సిద్ధాంతము ప్రకారము, సందిగ్ధ ఉష్ణోగ్రతకు గల దూరము నూరవ వంతు అయినచో సాంద్రతా భేదము పదియవ వంతగును. తలతన్యత వేయవ వంతగును. అనగా భాగఫలము నూరు రెట్లు పెరుగును. కాని కొసైన్ 1ని మించజాలదు గదా! కనుక సందిగ్ధ ఉష్ణోగ్రతకు ముందే ఒకానొక ఉష్ణోగ్రతవద్ద కోణము సున్న కావలెను. అచట కొద్ది అణువుల మందముగల పొర ఒక్కసారిగా దట్టమగును. నీరు మరిగి ఆవిరియగుటవలె ఇదియు ఒక ప్రావస్థా పరివర్తనమే.

అదే సంవత్సరమున ఎబ్నర్, సామ్ అనువారు ఘన కార్బన్ డయాక్సైడుపై ఆర్గాన్ పొరను గణించి, ఇట్టి మార్పునే కనుగొనిరి. లవమును గూర్చిన కాన్ అంచనాను తరువాతివారు సవరించిరి. అన్ని జంటలయందును ఈ మార్పు జరిగితీరవలెనని లేదనియు తేలినది. అయినను మార్పు నిజమే. 1980లో మోల్డోవర్, కాన్ కలిసి మిథనాల్, సైక్లోహెక్సేన్ మిశ్రమమును పరీక్షించిరి. ఇందు పలక స్థానమున ఆవిరియే యుండును. మిథనాల్ అధికముగాగల బరువైన ద్రవము అడుగున నుండవలసినదైనను, పైద్రవపు ఉపరితలమునకు కూడ పలుచని పొరగా ప్రాకెను. కొంచెము నీరు చేర్చినంతనే పొర పోయి బిందువులు మిగిలెను.

సాంఖ్యక భౌతికశాస్త్రమును దీనికి తోడ్పడెను. ఐసింగ్ 1925లో పరిశీలించిన అయస్కాంత నమూనాలో ప్రతి చిన్న అయస్కాంతము పైకిగాని, క్రిందికిగాని చూచును. పైచూపును ద్రవముగను, క్రిందిచూపును వాయువుగను భావింపవచ్చును. దీని ద్విపరిమాణ రూపమును ఆన్సాగర్ 1944లో సాధించెను. 1980లో డగ్లస్ ఏబ్రహామ్ ఆ నమూనా అంచునగల బంధములను బలహీనపరచి, ద్రవ–వాయు సరిహద్దు ఎట్లు ప్రవర్తించునో ఖచ్చితముగా లెక్కించెను. తక్కువ ఉష్ణోగ్రతలో సరిహద్దు అంచునకు అంటియుండును. ఉష్ణోగ్రత పెరిగినచో దాని చలనము ఆకర్షణను జయించును. సరిహద్దు విడివడి దూరమగును. ఇచట పొర మందము ఒక్కసారి ఎగురక, క్రమముగా పెరుగును.

ద్రవ హీలియమ్ ఏ ఘనమునైనను తడుపునని చిరకాలము నమ్మిరి. సీజియమ్ లోహమును మాత్రము అది తడుపదని 1991లో సిద్ధాంతకర్తలు లెక్కించి చెప్పిరి. ప్రయోగములు దానిని ధ్రువపరచెను. సుమారు 2 కెల్విన్‌లకు పైన హీలియమ్ సీజియమును సంపూర్ణముగా తడుపునని 1992లో తేలెను.

యంగ్ సూత్రమున నేటికిని తప్పు కనబడలేదు. కోణము ఎంతయని మాత్రమే గాక, ఎప్పుడు సున్న యగునని అడిగిన పిదపనే అందు దాగిన విషయము బయటపడెను. తరగతిలో స్పర్శకోణమును బోధించునపుడు ఈ రెండవ ప్రశ్నను కూడ విద్యార్థుల ముందుంచవచ్చును.