జల్లెడలోంచి జారిపోయిన వృద్ధాప్యం

1874 జూన్ 29న అమెరికాలో ఒక బ్యాంకు మూతపడింది. పేరు ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లజాతివారు కూలి డబ్బుల్లో మిగిల్చుకున్నది దాచుకోవడానికి 1865లో అధ్యక్షుడు లింకన్ సంతకంతో పుట్టిన బ్యాంకు అది. నడిపినవాళ్లు ఆ సొమ్మును అడ్డగోలుగా అప్పులుగా ఇచ్చారు. చివరి నెలల్లో బ్యాంకు అధ్యక్షుడిగా వచ్చిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ సొంత డబ్బు 10,000 డాలర్లు పెట్టినా నిలబడలేదు. 61,144 మంది ఖాతాదారుల డబ్బు, దాదాపు 30 లక్షల డాలర్లు, చిక్కుకుపోయింది. కొందరికి ఏళ్ల తరవాత కొంత దక్కింది. చాలామందికి ఏమీ రాలేదు.

కోవిడ్ వచ్చిననాడు అమెరికా నల్లజాతి వృద్ధుల చేతిలో డబ్బెందుకు లేదో తెలియాలంటే అంత వెనక్కి వెళ్లాల్సిందే.

ముసలితనంలో పింఛను ఇచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. పొలం కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవారినీ అందులో చేర్చలేదు. అప్పట్లో నల్లజాతి శ్రామికుల్లో దాదాపు 65 శాతం మంది చట్టం బయటే మిగిలిపోయారు. దక్షిణాది నేతల పట్టు వల్లనా, పన్ను వసూళ్ల కష్టం వల్లనా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటారు. దెబ్బ ఎవరికి తగులుతుందో మాత్రం ఆనాడే తెలుసు. నల్లజాతి న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ సెనేట్ కమిటీ ముందుకెళ్లి, ఇది నల్లవాళ్లు జారిపోయేలా కన్నాలు పెట్టిన జల్లెడ అన్నారు. ఇంటిపనివారిలో కొందరిని 1950లో చేర్చారు. పొలం కూలీల్లో ఎక్కువమందికి 1954 దాకా ఆగక తప్పలేదు. అప్పటిదాకా తల్లిదండ్రుల ముసలితనం భారం ఎక్కువగా పిల్లల సంపాదన మీదే పడింది.

ఇల్లు కొనే దారీ మూసుకుపోయింది. నగరాల పటాల్లో నల్లజాతి వాడలకు ఎర్రరంగు పూశారు. అలాంటిచోట రుణాలకు ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ హామీ ఇవ్వలేదు. ఈ వివక్షను నిషేధించిన చట్టం 1968లో వచ్చింది. 1935లో పుట్టినవారికి అప్పటికే 33 ఏళ్లు.

వాళ్లకు 85 ఏళ్లు వచ్చేసరికి మహమ్మారి వచ్చింది. అంతకు ముందు ఏడాది ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ సంపద 1,88,200 డాలర్లు. నల్లజాతివారిది 24,100. లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలది 36,100. ఇంట్లో కూర్చుని చేసుకోగల ఉద్యోగం నల్లజాతి శ్రామికుల్లో ఐదుగురిలో ఒకరికే ఉండేది. మిగతావారు బయటికి వెళ్లాలి, లేదా జీతం వదులుకోవాలి. ముసలివాళ్లను సాకుతున్నదీ ఆ జీతమే.

2020లో తెల్లజాతివారి సగటు ఆయుర్దాయం 1.4 ఏళ్లు తగ్గితే, నల్లజాతివారిది 3.3 ఏళ్లు, లాటినోలది 4 ఏళ్లు తగ్గింది. ఆలస్యంగా చేతికొచ్చిన పింఛను తినే కాలమూ వాళ్లకే ఎక్కువగా కరిగిపోయింది.