ఇనుపరాతి బండియు కాఫీ తోటయు

సింహాచలము స్టేషనులో కొంతసేపు నిలిచినయెడల ఇనుపరాతితో నిండిన గూడ్సు బండ్లు విశాఖ రేవువైపు పోవుట చూతురు. ఆ రాయి బస్తరులోని బైలదిలా కొండలది. దానిని జపానునకు పంపుటకే 1960వ దశకమందు కొత్తవలసనుండి కిరండూలు వరకు కొండలు తొలిచి, 50కి పైగా సొరంగములు చేసి రైలుదారి వేసిరి. మధ్యనున్న అరకు లోయవారి మేలు తలంచి వేసినది కాదు. ఈ మాట దాచనవసరము లేదు.

ఆ కొండలలోని భగతలు, కొండదొరలు, పోర్జాలు, కోదులు పోడు కొట్టి చోళ్లు, సామలు పండించుకొని, చింతపండు, అడ్డాకులు సంతకు మోసికొని వచ్చెడివారు. షావుకారు చెప్పినదే ధర, అతని తూనికయే తూనిక. ఈ బాధ తగ్గించుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడెను. ఏజెన్సీలోని భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1970లో చట్టము బిగించిరి. నా దృష్టికి రైలుకంటె ఈ రెండే గొప్పవి.

ఏలయనగా, స్వీడను దేశపు ఉత్తరభాగమందు కిరూనా అను ఊరు కలదు. అదియు ఇనుపరాతి ఊరే. 1902లో అక్కడనుండి నార్విక్ రేవునకు రైలుదారి పూర్తియాయెను. రెయిన్‌డీరు మందలను మేపుకొను సామీ ప్రజల దారులకు గనియు రైలును అడ్డుపడెను. తవ్వగా తవ్వగా పట్టణము క్రింది నేలయే కదలసాగెను. 1912లో ముగించిన అక్కడి కొయ్య దేవాలయమును 2025 ఆగస్టులో బండ్లపై ఎక్కించి, విప్పకుండ నిలువుననే 5 కిలోమీటర్లు జరిపిరి! గని మాత్రము నడచుచునే యున్నది.

మన కొండలలోను బాక్సైటు కలదు. అయితే 1997లో సమత కేసునందు సుప్రీంకోర్టు ఆ చట్టమునే చూపి, ఏజెన్సీ భూములను ప్రైవేటు గని కంపెనీలకు కౌలుకీయరాదని తీర్పు చెప్పెను. నేల నిలిచినందుననే కాఫీ నిలిచెను. మొదట అటవీశాఖవారి తోటలలో కూలికి పోయినవారు, పిమ్మట ప్రభుత్వమిచ్చిన మొక్కలను తమ పోడు చెక్కలలో నాటుకొనిరి. మూడు నాలుగేండ్లు కాపు లేదు. అంతవరకు చోళ్లే ఆధారము. నీడకు సిల్వరోకు చెట్లు, వాటిపై మిరియపు తీగలు పెంచిరి. 2017లో పారిసు నగరమందు అరకు కాఫీ అంగడి తెరచిరి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చెను.

అయినను సంతలో దళారికి పండ్లమ్ముకొనువారు ఇంకను కలరు. జబ్బుకో పెండ్లికో ముందుగా సొమ్ము తీసికొనినవాడు కోతనాడు తూనికను గూర్చి గట్టిగా అడుగజాలడు.