నోకియా ట్యూన్ నుంచి మన పాట దాకా

ఒకప్పుడు బస్సులో ఒక ఫోను మోగితే నలుగురు జేబులు తడుముకునేవాళ్లు, గుర్తుందా? అందరిదీ నోకియా ట్యూనే. స్పెయిన్ గిటారు విద్వాంసుడు తారెగా 1902లో కట్టిన బాణీలోని చిన్న ముక్క అది. 2000లో వచ్చిన నోకియా 3310లో మీటలు నొక్కి మనమే స్వరాలు రాసుకునే వీలుండేది. వచ్చేది మాత్రం కీచు శబ్దమే.

తర్వాత మెమరీ కార్డు ఫోన్లొచ్చి అసలు పాటే మోగింది. మన గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల 1974లోనే పోయారు. ఆయన గొంతు ఇప్పుడు మండవల్లి చెరువు గట్ల మీద జేబుల్లో పలుకుతోంది.

పాట కోయడానికి డబ్బు కట్టక్కర్లేదు. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పాట తెరిచి, కావాల్సిన ముప్పై సెకన్లు మౌస్‌తో గుర్తుపెట్టి, ఆ ముక్క వరకే ఎంపీ3గా సేవ్ చేసి ఫోన్లోకి ఎక్కించండి. మెల్లగా సాగే ఆలాపన వద్దు, ఏరేటర్ల హోరులో వినపడదు. గొంతెత్తిన చోట నుంచి కోయండి.

అసలు సంగతి ఇది. చెరువు కాపలా మనిషి నంబరుకు వేరే పాట పెట్టండి. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చేప పైకి తేలినప్పుడు వచ్చే ఫోనది. ఏదో కంపెనీ ఫోనులే అని పడుకుంటే పంట పోతుంది.