పట్టా పుచ్చుకున్న తరువాత

ఉగాది నాడు పంచాంగం విప్పగానే మనలో ప్రతివాడూ ముందు చూసుకునేది తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది. తక్కిన ఫలితాలు తరువాత. ఈనాడు చెన్నపట్నంలో మన తెలుగువారి ఇళ్లలో పట్టభద్రుడు లేని ఇల్లు అరుదు. పిల్లవాడు పట్టా పుచ్చుకున్న నాటినుండి తల్లిదండ్రులు ఆ పట్టాకు కూడా ఈ నాలుగు లెక్కలే చూస్తున్నారు. ఉద్యోగమా, పైచదువా, ఎంత జీతం, ఎంత ఖర్చు అని ఇంటింటా ఇదే చర్చ. ఇది మనకు కొత్తగా వచ్చిన బెంగ కాదు. ఈ పట్నంలో కళాశాల చదువు పుట్టిననాడే ఇదీ పుట్టింది. మన ముందుతరాల పట్టభద్రులు పట్టా చేతబట్టుకుని ఏయే దారుల వెళ్లారో ఒకసారి తిరగవేసి చూస్తే, మన పిల్లల విషయంలో ఒక నిర్ణయానికి రావడానికి ఉపయోగపడవచ్చునని ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నాను.

1839లో మదరాసు పౌరులు సుమారు 70,000 మంది సంతకాలు చేసి, తమకు ఉన్నత విద్య కావాలని గవర్నరు ఎల్‌ఫిన్‌స్టన్ ప్రభువుకు మహజరు సమర్పించారు. అడ్వొకేటు జనరల్ జార్జి నార్టన్ దొర ఇందుకు అండగా నిలిచాడు. ఫలితంగా 1841లో పవెల్ దొర ఆధ్వర్యాన హైస్కూలు తెరిచారు. అదే 1855లో ప్రెసిడెన్సీ కళాశాల అయింది. 1857 సెప్టెంబరు 5వ తేదీన మదరాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ రెండింటికీ మధ్య 1844లో గవర్నరు జనరల్ హార్డింజి ఒక తీర్మానం చేశాడు. ఇంగ్లీషు చదివినవారికే సర్కారు కొలువుల్లో మొదటి చోటు అని దాని సారాంశం. మన కళాశాల చదువు నొసట రాత అప్పుడే రాసేశారని చెప్పవచ్చు. చదువు కొలువు కోసం, కొలువు కోసమే చదువు.

విశ్వవిద్యాలయం మొదటి బి.ఏ. పరీక్ష 1858లో జరిగింది. అందులో నెగ్గినవారు ఇద్దరే. దామోదరం పిళ్లై, విశ్వనాథ పిళ్లై. ఇద్దరూ యాళ్‌పాణం నుండి సముద్రం దాటి వచ్చిన తమిళులు. దామోదరం పిళ్లై గారు సర్కారు లెక్కల శాఖలో పనిచేశారు, తరువాత న్యాయశాస్త్రం చదివారు, పుదుక్కోటలో న్యాయాధిపతి అయ్యారు. అయితే ఈనాడు తమిళులు ఆయనను తలచుకునేది ఆ ఉద్యోగాల వల్ల కాదు. తాటాకుల్లో శిథిలమైపోతున్న ప్రాచీన తమిళ గ్రంథాలను వెదకి అచ్చు వేయించినందుకు. మొదటి పట్టభద్రుడి కథలోనే మనకు కావలసిన నీతి సగం ఉన్నది.

మన తెలుగు జిల్లాల సంగతి చూద్దాం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమల విద్యార్థికి పట్టా ఇచ్చే అధికారం మదరాసుదే. రాజమహేంద్రవరం, విజయనగరం, బందరు కళాశాలల్లో చదివినా పట్టా మీద ముద్ర మదరాసుది. న్యాయశాస్త్రానికీ, వైద్యానికీ, ఇంజనీరింగుకూ ఇక్కడికి రాక తప్పేది కాదు. రైలు లేని రోజుల్లో గోదావరి, కృష్ణా కాలువల మీదుగా బకింగ్‌హాం కాలువలో పడవ మీద రోజుల తరబడి ప్రయాణం చేసి రావలసి వచ్చేది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద, 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెనలు పూర్తి అయ్యాయి. ఆ తరువాతనే సామాన్య గృహస్థు బిడ్డకు చెన్నపట్నం చేరువైంది. రైల్వే వాణ్ణి కనుక ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను. మన పెద్దల చదువుల పట్టాలకు మా రైలు పట్టాలు తోడ్పడ్డాయి.

అలా వచ్చి చదివినవారికి ముఖ్యంగా మూడు దారులు కనిపించేవి. సర్కారు కచేరీ, న్యాయస్థానం, బడి. మొదటిది దొరికినవాడు అదృష్టవంతుడు. రెండవది ధైర్యం ఉన్నవాడికి. మొదటి రెండూ కుదరనివాడికి మూడవది. బి.ఏ. తప్పినవాడు కూడా ‘ఫెయిల్డ్ బి.ఏ.’ అని పేరు పక్కన రాసుకునేవాడని పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. నవ్వులాట కాదు గాని, పరీక్ష దాకా వెళ్లాడన్నదే ఒక అర్హతగా చెల్లిన రోజులవి. పెళ్లి సంబంధాల్లో వరుడి ధర పెరగడానికీ ఆ రెండక్షరాలు చాలేవి.

ఈ మూడు దారుల నడుమ నాలుగవది ఒకటి 1878లో తిరువల్లిక్కేణిలో పుట్టింది. ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు న్యాయ విద్యార్థులు కలిసి రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి, 80 ప్రతులతో ఒక పత్రిక వేశారు. అదే ‘ది హిందూ’. ఆ నలుగురు విద్యార్థుల్లో మన న్యాపతి సుబ్బారావు పంతులు గారు ఒకరు. ఆయన పరీక్ష నెగ్గి రాజమహేంద్రవరం వెళ్లి వకీలుగా పేరు గడించారు, కాంగ్రెసు పెద్దల్లో ఒకరయ్యారు. వకీలు వృత్తి బ్రతుకు తెరువు ఇచ్చింది. విద్యార్థిగా వేసిన విత్తనం దేశానికి పనికివచ్చింది.

గురజాడ అప్పారావు గారి ఉద్యోగ చరిత్ర మనవంటి గుమాస్తాలు తప్పక తెలుసుకోదగినది. 1884లో 25 రూపాయల జీతం మీద విజయనగరంలో బడిపంతులుగా చేరారు. పనిచేస్తూనే 1886లో బి.ఏ. నెగ్గారు. కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా ఉన్నారు. తరువాత కళాశాలలో లెక్చరరు అయ్యారు. కాగితం మీద చూస్తే మామూలు ఉద్యోగి జాతకమే. కాని ఆ ఉద్యోగాల మధ్యనే శాసనాలు చదివారు, ‘కన్యాశుల్కం’ రాశారు, వాడుక భాష కోసం విశ్వవిద్యాలయంతో పోరాడి 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చిందో, దాని ఎదుటనే నిలబడి ‘ఇది సరికాదు’ అని చెప్పగలిగారు. ఆయన చదువుకు అదే నిజమైన పరీక్ష.

ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో పట్టభద్రులు పెరిగారు, కొలువులు ఆ మేరకు పెరగలేదు. మదరాసు కచేరీల్లో తెలుగువారికి తగిన చోటు దొరకడం లేదన్న బాధ ఇళ్లలోనుండి సభలకు ఎక్కింది. 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ వెనుక ఉన్న కారణాల్లో ఈ ఉద్యోగాల బాధ కూడా ఒకటి. ప్రత్యేక రాష్ట్రం, ప్రత్యేక విశ్వవిద్యాలయం అన్న కోరికల్లో చదువుకున్న నిరుద్యోగి నిట్టూర్పు ఉన్నదన్నమాట మనం విస్మరించరాదు.

ఆ రోజుల్లోనే కొందరు కొలువు అడగడం మాని కొలువులు కల్పించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1891లో మదరాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివినవారు. కలకత్తా, బొంబాయి వెళ్లి వ్యాపారం నేర్చి 1893లో అమృతాంజనం ప్రారంభించారు. దాని లాభంతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక నడిపి, 1914లో దానిని మదరాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. మనం ఈనాడు వేసుకునే ఇటువంటి ఉగాది సంచికలకు ఆ పత్రిక సంవత్సరాది సంచికలే ఒరవడి. అదే కళాశాలలో చదివిన పట్టాభి సీతారామయ్య గారు వైద్యంలో పట్టా పొంది, బందరులో వైద్యం చేసి, దానిని వదలి దేశసేవకు దిగారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, దాదాపు నూరేళ్లు ఎందరు తెలుగు పట్టభద్రులకు అన్నం పెట్టిందో లెక్కించడం కష్టం.

ఇక పైచదువుల మాట. ఇక్కడ ఒక సంగతి గట్టిగా కనిపిస్తుంది. పైకి వెళ్లిన ప్రతి ఒక్కరి వెనుక ఎవరిదో ఒక చేయి ఉన్నది. పూర్వీకులు మన మోక్షగుండం వారైన విశ్వేశ్వరయ్య గారు బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. నెగ్గారు. అప్పుడా కళాశాల కూడా మదరాసు విశ్వవిద్యాలయం కిందదే. మైసూరు సంస్థానం విద్యార్థి వేతనం ఇవ్వబట్టి పూనా వెళ్లి ఇంజనీరయ్యారు. కట్టమంచి రామలింగారెడ్డి గారిని కేంబ్రిడ్జికి పంపింది ప్రభుత్వ వేతనం. ఆయనే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరు. తిరుత్తణి బాలుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రం తీసుకున్నది ఒక బంధువు చదివేసిన పాఠ్యపుస్తకాలు ఊరికే చేతికి రావడం వల్లనని చెబుతారు. 1909లో ఇదే పట్నంలో ప్రెసిడెన్సీ కళాశాలలో చిన్న అధ్యాపకుడుగా మొదలైన ఆయన 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు, 1962లో రాష్ట్రపతి అయ్యారు.

అందరికంటె విచిత్రమైనది యల్లాప్రగడ సుబ్బారావు గారి చరిత్ర. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు శస్త్రవైద్య ఆచార్యుడికి కోపం వచ్చింది. పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. సర్కారు వైద్యశాఖ ఉద్యోగమూ ఇవ్వలేదు. ఇక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు. చివరకు మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో అమెరికాలోని హార్వర్డుకు వెళ్లారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసుకున్నారు. 1930లో డాక్టరేటు పొందారు. కండరాలకు శక్తి ఎక్కడిదో కనుగొన్నవారిలో ఒకరయ్యారు. బోదకాలుకు మందు, ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ ఆయన నడిపిన పరిశోధనాలయం నుండి వచ్చాయి. 1948లో కన్నుమూశారు. చెన్నపట్నం తక్కువ పట్టా ఇచ్చి పంపిన మనిషి లోకానికి ఎక్కువ ప్రాణాలు ఇచ్చాడు.

స్త్రీల విషయం చెప్పకపోతే ఈ లెక్క సగమే. దుర్గాబాయి గారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చిన తరువాత చదువు మొదలుపెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., 1942లో మదరాసులో న్యాయశాస్త్రం నెగ్గారు. తాను చదువుకుంటూనే 1937లో ఇక్కడ ఆంధ్ర మహిళా సభ స్థాపించి ఇతర స్త్రీలకు చదువు చెప్పించారు. 1919లో ఇక్కడే పుట్టిన అయ్యలసోమయాజుల లలిత గారు పదునెనిమిదవ ఏట చంటిబిడ్డతో వైధవ్యం పొందారు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడైన తండ్రి పప్పు సుబ్బారావు గారు లోకానికి వెరవక కుమార్తెను అక్కడే చేర్పించారు. విద్యుచ్ఛక్తి శాఖలో పట్టభద్రురాలైన మొదటి భారత స్త్రీలలో ఆమె ఒకరు. అన్నట్టు, ఆమె పని నేర్చుకున్నది జమాల్‌పూర్ రైల్వే కర్మాగారంలో. తరువాత భాక్రా నంగల్ విద్యుత్తు తీగల పథక రచనలో పాల్గొన్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన స్త్రీ ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్లివచ్చారు. ఆ తండ్రి నలుగురి మాటకు జంకి ఉంటే ఆమె పేరు మనకు తెలిసేదే కాదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది, మదరాసు ఇక్కడే నిలిచింది, మనమూ నిలిచాము. గిండీలో చదివి, 1939లో బర్మింగ్‌హాంలో డాక్టరేటు పొందిన కానూరి లక్ష్మణరావు గారి వంటివారు నాగార్జునసాగరం వంటి పనులకు తోడ్పడ్డారు. ఇప్పుడు దారులు మారాయి. కచేరీకి బదులు పాత మహాబలిపురం రోడ్డు మీద కంప్యూటరు కంపెనీలు, ఓడకు బదులు మీనంబాకం విమానం. బెంగ మాత్రం మారలేదు. 2019లో మా రైల్వే శాఖ పదవ తరగతి చాలునన్న క్రింది తరగతి ఉద్యోగాలు లక్షా మూడు వేలకు పైగా ప్రకటిస్తే, కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో పట్టభద్రులవీ, ఇంజనీర్లవీ ఉన్నాయి. నేను మెట్రిక్యులేషనుతో ఆగి ఈ శాఖలో చేరినవాణ్ణి. నా పక్క బల్లల దగ్గర నాకంటె ఎంతో చదివిన కుర్రవాళ్లు నేను చేసే పనే చేస్తున్నారు. పనిలో తక్కువతనం లేదు. కాని వారి చదువుకు వారి తండ్రులు అమ్మిన పొలాన్ని తలచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఇక లెక్క సరిచూద్దాం. ఆదాయం కోసమే చదివినవారు ఆదాయం పొందారు, పింఛనుతో వారి కథ ముగిసింది. అది తప్పు కాదు, వారి సంసారాలు నిలిచాయి. కాని పేరు నిలిచినవారందరూ పట్టా తరువాత రెండవ చదువు ఒకటి సాగించారు. గురజాడకు అది శాసనాలు, దామోదరం పిళ్లైకి తాటాకులు, నాగేశ్వరరావు గారికి వ్యాపారం, సుబ్బారావు గారికి ప్రయోగశాల. రాజపూజ్యం వెంటనే రాలేదు, అవమానం మాత్రం చాలామందికి ముందే వచ్చింది. వ్యయం ఒక్కరు భరించలేదు. సంస్థానమో, ధర్మనిధో, మామగారో, తండ్రో భాగం పంచుకున్నారు.

కనుక మన సంఘానికి ఒక మనవి. ఈ ఏడు పట్టా పుచ్చుకున్న మన పిల్లల పేర్లు, చదువు, కోరిక ఒక పుస్తకంలో రాసి పెడదాం. ఆయా వృత్తుల్లో ఉన్న మన పెద్దలు నెలకొక ఆదివారం వారితో కూర్చుని మాట్లాడాలి. పైచదువుకు నిజంగా తగినవాడికి రుసుము చాలకపోతే తలా కొంత వేసి ఒక చిన్న నిధి ఏర్పాటు చేయాలి. ఉద్యోగం రాని కుర్రవాణ్ణి పండుగనాడు ‘ఇంకా ఖాళీయేనా?’ అని అడగడం మానాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

వేపపువ్వు లేకుండా ఉగాది పచ్చడి లేదు. మన పిల్లల జీవితాల్లోనూ ఆ చేదు తగుపాళ్లలో ఉండనివ్వండి. బెల్లం కలిపే చేయి మనదై ఉండాలి. పాఠక సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.