దేవసహాయం పేరు చివరి మాట

తిరునెల్వేలి నుంచి నాగర్‌కోయిల్ వెళ్లే దారిలో ఆరల్వాయిమొళి అనే కనుమ ఉంది. రెండు కొండల వరుసల మధ్య నుంచి గాలి హోరుమని వీస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా గాలిమరలే. కోవిల్‌పట్టి తెలుగువాణ్ణి కనుక ఈ కనుమ గురించి నాకు చిన్నప్పటినుంచీ ఒక్క సంగతే తెలుసు. మదురై నాయకుల సైన్యాలు తిరువిదాంకూరు మీదికి పోవడానికి తూర్పు వాకిలి ఇదే. 1697లో రాణీ మంగమ్మ తన దళవాయి నరసప్పయ్యను పంపింది ఆ రాజ్యం మీదికే. మా ఇంట్లో చరిత్ర అంటే ఇలాంటి దండయాత్రల ముచ్చటే.

ఆ కనుమ పక్కనే కాట్రాడిమలై అనే చిన్న కొండ ఉంది. పేరు చూస్తేనే తెలుస్తుంది, అది గాలికొండ. 1752 జనవరి 14న తిరువిదాంకూరు సైనికులు ఒక మనిషిని అక్కడికి తీసుకొచ్చి కాల్చి చంపారు. ఆయన పేరు దేవసహాయం. ఏటా జనవరి 14న క్యాథలిక్కులు ఆయన పండుగ చేసుకుంటారు. మనం సంక్రాంతి సందడిలో ఉండే రోజులవి. నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆ కొండ చూసి వచ్చాక ఆయన కథ నన్ను వదల్లేదు. ఎందుకో చెబుతాను.

ఆయన 1712లో, ఇప్పటి కన్యాకుమారి జిల్లా నట్టాలంలో పుట్టారు. నాయర్ల ఇల్లు. పెట్టిన పేరు నీలకంఠన్, దాని చివర పిళ్లై అన్న బిరుదు. మార్తాండవర్మ మహారాజు కాలంలో పద్మనాభపురంలో రాజోద్యోగం. 1741లో కొలచెల్ దగ్గర డచ్చివాళ్లు మహారాజు చేతిలో ఓడిపోయారు. అప్పుడు పట్టుబడిన డిలనాయ్ అనే కెప్టెను తర్వాత అదే రాజు సైన్యానికి శిక్షకుడయ్యాడు. కష్టాలు చుట్టుముట్టి మనసు చెదిరి ఉన్న నీలకంఠన్‌కు ఆ డిలనాయ్ బైబిల్లోని యోబు కథ చెప్పాడంటారు. ఆస్తి, బిడ్డలు, ఒంటి ఆరోగ్యం అన్నీ పోయినా దేవుణ్ణి విడవని మనిషి కథ అది. 1745లో నీలకంఠన్ తిరునెల్వేలి సీమలోని వడక్కన్‌కుళం వెళ్లి జెస్విట్ గురువు చేత జ్ఞానస్నానం పొందారు. లాజరు అన్న పేరు పెట్టారు. ఆ హీబ్రూ మాటకు 'దేవుడు సాయం చేశాడు' అని అర్థం. దాన్నే మన దక్షిణాది నోటికి తిప్పితే దేవసహాయం అయింది. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలోనూ ఈ పేరు వినిపిస్తుంది.

1749లో ఆయన్ను బంధించారు. గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా తిప్పారనీ, కొట్టిన దెబ్బల మీద కారం పూశారనీ కథలు చెబుతాయి. మూడేళ్ల తర్వాత కాట్రాడిమలై మీద చంపేశారు. ఆయన అవశేషాలు నాగర్‌కోయిల్ కోట్టార్‌లోని ఫ్రాన్సిస్ జేవియర్ గుడిలో సమాధి అయ్యాయి.

మతం మారినందుకు చంపారా, రాజద్రోహానికి చంపారా అన్నది పాత తగాదా. తిరువిదాంకూరు చరిత్రకారుల్లో కొందరు మతం కారణం కాదంటారు. ద్రోహం, గూఢచర్యం అన్న నేరాలు కేవలం కల్పితాలని చర్చి అంటుంది. నాకు ఆసక్తి కలిగించింది ఈ రెండూ కాదు. తక్కువ కులాల వాళ్లతో కలిసిపోయి తిరిగాడన్నది ఆయన మీద కోపానికి ఒక కారణమని చర్చి వైపు చరిత్రలు చెబుతాయి. రాజోద్యోగి బెస్తవాళ్లతో కలిసి కూర్చోవడమంటే ఆ రోజుల్లో దేవుణ్ణి మార్చుకోవడం కంటే చిన్న నేరమేమీ కాదు.

అయితే ఆయన చావుతో ఈ కథ ముగియలేదు. జ్ఞానస్నానం పొందిన వడక్కన్‌కుళంలోనే 1872లో ఒక పెద్ద గుడి కట్టారు. దానికి బలిపీఠం దగ్గర కలిసే రెండు బారులు. ఒక బారు వెళ్లాలులకు, రెండోది నాడార్లకు, మధ్యన అడ్డుగోడ. ఒకే పూజ, ఒకే గురువు, ఒకే అప్పం, కాని ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు. 1910లో కొసానెల్ అనే ఫ్రెంచి గురువు ఆ అడ్డు తీయించాడు. వెళ్లాలులు కోర్టుకెక్కారు. వ్యాజ్యం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది, అక్కడ వాళ్లు ఓడిపోయారు. కులం వదిలి కొత్త పేరు తీసుకున్నవాడి ఊళ్లోనే కులం కోసం గోడ కట్టుకున్నారంటే, అది ఒక్క మతానికి పరిమితమైన జబ్బు కాదని తెలుస్తుంది.

2012 డిసెంబర్ 2న నాగర్‌కోయిల్‌లో ఆయన్ను ధన్యజీవిగా ప్రకటించినప్పుడు 'దేవసహాయం పిళ్లై' అనే పిలిచారు. కులాన్ని కాదన్న మనిషి పేరు చివర కులబిరుదు ఏమిటని కొందరు రోముకు ఉత్తరాలు రాశారు. రోము విన్నది. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించినప్పుడు పిళ్లై అన్న మాట లేదు. భారతదేశపు గృహస్థుల్లో తొలి పునీతుడు ఉత్త దేవసహాయంగానే ఆ పీఠం ఎక్కాడు. చనిపోయిన 270 ఏళ్లకు పేరు కూడా ఆయన కోరుకున్నట్టే మిగిలింది.

ఇక్కడే నాకు మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. మా తాతగారి పేరు చివర నాయకర్ ఉండేది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ కులబిరుదులు వదిలేయమని తీర్మానించిన తర్వాత, ఈ గాలి మా ఊరికీ తగిలింది. మా నాన్నగారు బడిలో నా పేరు రాయించేటప్పుడు ఆ మాట తీసేశారు. తాతగారు చాన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదట. ఆయన బాధ కులం పోయిందని మాత్రమే కాదు. "ఆ మాట లేకపోతే మనం తెలుగువాళ్లమని ఎవరికి తెలుస్తుందిరా?" అన్నారట.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. అరవదేశంలో నాయుడు, రెడ్డి అన్న మాటలు కులాన్ని చెప్పినంతగా భాషనూ చెబుతాయి. రైల్లో ఎదుటివాడి పేరు చివర ఆ మాట వింటే "మీరు తెలుగువాళ్లా?" అని అడుగుతాం. అదీ మన గుర్తింపు. కాని తెలుగుతనానికి కులమొక్కటే ఆనవాలైతే, మనలాగే ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే చక్కిలియర్లు, ఒట్టర్లు ఏమవుతారు? వాళ్ల తెలుగును మన లెక్కలో ఎందుకు వేసుకోం? మన సంఘాల సభల్లో వాళ్లను ఎన్నిసార్లు చూశాం? వడక్కన్‌కుళం గోడ మన మధ్యా ఉంది. ఇటుకలతో కట్టలేదు కాబట్టి కంటికి కనబడదు.

దేవసహాయం పునీతుడైన రెండు వారాలకే, 2022 మే 29న, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారిని కార్డినల్ చేస్తున్నట్టు రోము ప్రకటించింది. తెలుగువాళ్లలో ఆ పదవి అందుకున్న మొదటివారు ఆయనే, దళితుల్లో మొదటివారూ ఆయనే. చర్చిలో కులం పోయిందని కాదు దీనర్థం. పోవాలన్నది మాత్రం అక్కడా ఒప్పుకున్నారని అర్థం.

మా తాతగారి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఒక్కటే. మనం తెలుగువాళ్లమని మన నోట్లో మాటను బట్టి తెలియాలి. ఆ మాట పిల్లల నోట మిగలకపోతే పేరు చివర ఏమున్నా లాభం లేదు. మిగిలితే, అది ఏ వీధిలో వినబడినా అది మన ఇల్లే.